మందు ఒకటే, క్లినిక్ ఒకటే: మరి ఆ పేటల ఆడవాళ్ళే ఎందుకు ఆగిపోతున్నారు?

మీరు అడిగింది ఇది: హెచ్ఐవీ క్లినిక్‌లో కొత్తగా కౌన్సెలర్‌గా చేరారు. మందులు అందరికీ ఉచితం, చూసే డాక్టర్లూ అందరికీ వాళ్ళే. అయినా రెండు మూడు పేటల నుంచి వచ్చే ఆడవాళ్ళే తేదీకి రావడం లేదు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) తగ్గనిదీ ఎక్కువగా వాళ్ళకే. "వాళ్ళకి శ్రద్ధ లేదు" అని తోటివాళ్ళు తేల్చేస్తున్నారు. నిజంగా శ్రద్ధ లేకనా, లేదా ఆ పేటల్లోనే ఏదన్నా ఉందా?

ఉంది. చాలా ఏళ్ళుగా ఈ వైద్యంలో, ఎక్కువగా ఆడవాళ్ళ మధ్యే పనిచేస్తున్నాను కాబట్టి సూటిగా చెబుతాను. ఒకే పేట నుంచి పదిమంది మందు మానేస్తుంటే, ఆ పదిమందికీ ఒకే రకం బుద్ధి ఉందనుకోవడం కన్నా, పదిమందికీ ఒకే రకం అడ్డంకి ఎదురవుతోందనుకోవడం సబబు. నిర్లక్ష్యం పేటల వారీగా పుట్టదు. ఇంటి అద్దెలు, బస్సు రూట్లు, వీధి దీపాలు, జనం నోళ్ళు మాత్రం పేటకో రకంగా ఉంటాయి.

ప్రపంచంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్ళలో సుమారు 53 శాతం ఆడవాళ్ళు, ఆడపిల్లలే. వాళ్ళందరికీ పరీక్షలో తేలగానే మందు మొదలుపెట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. 2011లో వచ్చిన హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనం ఫలితాల్లో, త్వరగా మందు మొదలుపెట్టిన వాళ్ళ నుంచి జీవిత భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. మానుతూ మళ్ళీ మొదలుపెడుతూ పోతే ఏమవుతుందో 2006లో స్మార్ట్ అధ్యయనం చూపించింది: ఆపకుండా వేసుకున్నవాళ్ళ కన్నా జబ్బులూ ఎక్కువే, చావులూ ఎక్కువే. అంటే మందు పనిచేస్తుందా అన్న సందేహం తీరిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు మిగిలిన ప్రశ్నల్లా ఆ మాత్ర ఒక మనిషి చేతికి నెలనెలా, ఏళ్ళ తరబడి, ఎడతెగకుండా ఎలా చేరుతుందన్నదే. అది చేరాల్సిన దారి ఆమె వీధి గుండానే పోతుంది.

దూరంతో మొదలుపెడతాను, ఎందుకంటే క్లినిక్ లోపల కూర్చున్నవాళ్ళం అందరం దాన్ని తేలిగ్గా తీసుకుంటాం. మ్యాపులో నాలుగైదు కిలోమీటర్లే కనిపించవచ్చు. ఆమె మాత్రం కిలోమీటర్లు లెక్కపెట్టదు. ఇంట్లోంచి బయలుదేరి తిరిగి ఇల్లు చేరేదాకా ఎన్ని గంటలు పడుతుంది, అంతసేపు పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆ రోజు పని మానేస్తే పోయే డబ్బెంత, బస్సు దిగాక నడిచే సందులో భయం లేకుండా నడవగలదా, చీకటి పడేలోపు రాగలదా, ఇవన్నీ ఆమె లెక్కలో ఉంటాయి. అన్నింటికీ మించి, "ఇంతసేపు ఎక్కడికెళ్ళావు?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నది ఉంటుంది. నెలకోసారి ఒక అబద్ధం సిద్ధం చేసుకోవాలి, అది పోయిన నెల చెప్పినదానితో సరిపోవాలి. ఈ టెన్షన్‌తోనే కొందరు రావడం మానేస్తారు. రికార్డులో మాత్రం "హాజరు కాలేదు" అని ఒక్క ముక్క పడుతుంది.

అయితే క్లినిక్‌ని పేట మధ్యలో పెడితే సరిపోతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంటి పక్కనే సెంటర్ ఉన్నా కావాలని రెండు బస్సులు మారి దూరంగా వెళ్ళే ఆడవాళ్ళు ప్రతిచోటా ఉన్నారు. దగ్గర సెంటర్‌లో వరసలో నిలబడితే పక్కింటివాళ్ళు చూస్తారు. అక్కడ రిజిస్టర్ రాసే మనిషిదీ అదే వీధి కావచ్చు. ఆ గదిలోకి వెళ్ళేది ఏ జబ్బువాళ్ళో పేట అంతటికీ తెలుసు. ఇరుకైన పేటలో, అందరికీ అందరూ తెలిసిన చోట, రహస్యం దాచుకోవాలంటే దూరం పోవడం ఒక్కటే దారి. దూరం పోవాలంటే డబ్బూ సమయమూ కావాలి, ఆ రెండూ లేనిదీ ఆ పేటలోనే. దగ్గరికి పోతే పరువు పోతుందన్న భయం, దూరం పోతే పూట గడవదన్న భయం: ఈ రెండింటి మధ్య చిక్కుకున్న మనిషిని "మీకు శ్రద్ధ లేదు" అంటే ఆమె ఏం జవాబు చెబుతుంది? తల దించుకుని వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు.

కాబట్టి మీకు ఒక జాగ్రత్త చెప్పాలి. దూరం నుంచి వస్తున్నవాళ్ళని చూసి "మీ ఇంటి దగ్గరే సెంటర్ ఉంది కదా, అక్కడికి మార్చేస్తాం" అని ఉత్సాహంగా కాగితాలు రాసేయకండి. ముందు అడగండి. ఆమె కావాలనే దూరం వస్తూ ఉండవచ్చు. అడక్కుండా మారిస్తే అక్కడా చేరదు, ఇక్కడికీ రాదు.

ఇక ఇల్లు. ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే ఇంట్లో మందు సీసా పెట్టుకునే చోటే ఉండదు. సీసా కదిలితే మాత్రలు గలగలమంటాయి. అందుకని చాలామంది మాత్రల్ని సీసాలోంచి తీసి ఏ కాగితంలోనో, ప్లాస్టిక్ కవర్‌లోనో చుట్టి బట్టల మధ్య దాస్తారు. ఇంటికి చుట్టాలొస్తే ఆ రోజులన్నీ మాత్ర వేసుకోవడం కుదరదు. భర్తకో తోడు ఉంటున్నవాడికో ఇంకా చెప్పకపోతే మరీ కష్టం. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే చెప్పడమే ప్రాణం మీదికి రావచ్చు. భాగస్వామి హింసను అనుభవిస్తున్న ఆడవాళ్ళలో మందు వాడకం, వైరల్ లోడ్ అదుపులో ఉండటం రెండూ తక్కువని అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షల్లోనూ తేలింది. ఇది ఇంటి లోపలి విషయంలా కనిపిస్తుంది కానీ, అరిస్తే వచ్చే పొరుగువాళ్ళున్నారా, పారిపోతే తలదాచుకునే చోటు దగ్గర్లో ఉందా, పోలీసులు ఆ పేట పేరు వింటే ఎలా మాట్లాడతారు అన్నవన్నీ పేటకు సంబంధించినవే.

అద్దె ఇళ్ళు తరచూ మారాల్సి రావడం ఇంకో దెబ్బ. ఇల్లు మారితే అడ్రస్ మారుతుంది, చాలాసార్లు ఫోన్ నంబరూ మారుతుంది. క్లినిక్ వాళ్ళు పాత నంబరుకి చేసి చేసి, "ఆచూకీ లేదు" అని రాసుకుంటారు. అమెరికాలో బాల్టిమోర్, షికాగో, లాస్ ఏంజిలిస్ నగరాల్లో సరైన ఇల్లు లేని 630 మంది హెచ్ఐవీ బాధితులతో ఒక అధ్యయనం చేశారు. కొందరికి ప్రభుత్వ అద్దె సాయం ఇచ్చి, మిగతావాళ్ళకి మామూలు సేవలు అందించి పోల్చారు. మామూలు సేవల్లో ఉన్నవాళ్ళలోనూ చాలామంది ఎలాగోలా ఇళ్ళు సంపాదించుకోవడంతో రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా రాలేదు. కానీ ఆ కాలంలో ఎవరికి నిలువ నీడ లేకుండా పోయిందో వాళ్ళనీ, ఇంట్లో ఉన్నవాళ్ళనీ విడిగా చూసినప్పుడు, నీడ లేనివాళ్ళలో వైరల్ లోడ్ అదుపు తప్పడం బాగా ఎక్కువగా కనిపించింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రేపు రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలియని మనిషికి వచ్చే నెల అపాయింట్‌మెంట్ చాలా దూరంలో ఉంటుంది.

తిండి గురించి కూడా చెప్పాలి. కొన్ని మందులు తిన్నాకే వేసుకోవాలి, ఉదాహరణకు రిల్పివిరిన్ మాత్రలు కడుపు నిండా తినకపోతే ఒంటికి సరిగా పట్టవు. ఇప్పుడు ఎక్కువగా వాడే డోలుటెగ్రవిర్‌కి ఆ ఇబ్బంది లేదు, తిన్నా తినకపోయినా వేసుకోవచ్చు. కానీ ఖాళీ కడుపుతో మాత్ర మింగితే వికారం వస్తుందని భయపడి మానేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పిల్లలకి పెట్టి తాను పస్తుండే తల్లి విషయంలో ఇది మరీ నిజం. టాంజానియాలో తిండికి ఇబ్బంది పడుతున్నవాళ్ళని మూడు గుంపులుగా చేసి, ఒక గుంపుకి నగదు, ఇంకో గుంపుకి ఆహారం, మూడో గుంపుకి పోషణ సలహాలు మాత్రమే ఇచ్చి చూశారు. ఆరు నెలల తర్వాత మందు తప్పకుండా చేతిలో ఉంచుకున్నవాళ్ళు నగదు గుంపులో సుమారు 85 శాతం, ఆహారం గుంపులో 79 శాతం, సలహాల గుంపులో 63 శాతం. 2017లో వచ్చిన ఈ ఫలితాన్ని కౌన్సెలర్లందరూ గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. మాటల కన్నా చేతిలో పడిన కాస్త డబ్బు ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడు మీ ప్రశ్నలో గట్టిదైన భాగానికి వస్తాను. "ఇదంతా పేదరికం కదా, పేట అని ఎందుకు అనాలి? పేదవాళ్ళు ఎక్కడున్నా ఇంతే కదా?" అని మీ తోటివాళ్ళు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మనిషి పేదరికాన్నీ చోటు పేదరికాన్నీ విడదీయడం కష్టం, ఎందుకంటే రెండూ సాధారణంగా కలిసే ఉంటాయి. కానీ విడదీసి చూసిన సందర్భాలున్నాయి. అమెరికాలో సీడీసీ (జబ్బుల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ) 23 నగరాల్లోని పేద పేటల్లో, స్త్రీ పురుష సంబంధాలున్న వాళ్ళకి పరీక్షలు చేసి 2010లో ఫలితం ప్రకటించింది. ఆ పేటల్లో మొత్తం మీద 2.1 శాతం మందికి హెచ్ఐవీ ఉంది. పేదరిక రేఖకి దిగువన ఉన్నవాళ్ళలో 2.4 శాతం. అదే పేటల్లో ఉంటూ ఆ రేఖకి ఎగువన ఉన్నవాళ్ళలో 1.2 శాతం. డబ్బు తేడా కనిపిస్తోంది, నిజమే. కానీ దేశం మొత్తం మీద అలాంటి జనంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళు సుమారు 0.1 శాతమే. అంటే కాస్త డబ్బున్నా ఆ పేటలో ఉన్నందుకు ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువగానే ఉంది. పైగా ఆ పేటల లోపల జాతుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. ఇది జబ్బు సోకడం గురించిన లెక్క, వైద్యం అందడం గురించి కాదు. అయినా చోటుకంటూ ఒక బరువు ఉందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన లెక్క నాకు దొరకలేదు.

ఇంకో ఆధారం హెచ్ఐవీతో సంబంధం లేనిది, కానీ ఆడవాళ్ళ ఆరోగ్యానికి సంబంధించినది. 1994లో మొదలైన ఒక కార్యక్రమంలో అమెరికా ప్రభుత్వం ఐదు నగరాల్లో కడు పేద పేటల్లో ఉన్న కుటుంబాలకి లాటరీ తీసి, గెలిచినవాళ్ళలో కొందరికి పేదరికం తక్కువున్న పేటలకి మారేందుకు అద్దె సాయం ఇచ్చింది. లాటరీ కాబట్టి మారినవాళ్ళు ముందే మంచి అలవాట్లున్నవాళ్ళు అనడానికి వీల్లేదు. పది పన్నెండేళ్ళ తర్వాత చూస్తే, ఆ అవకాశం వచ్చిన ఆడవాళ్ళలో తీవ్రమైన ఊబకాయం, షుగర్ జబ్బు తక్కువగా ఉన్నాయని 2011లో తేల్చారు. వాళ్ళకెవరూ మందివ్వలేదు, బోధ చేయలేదు. ఉండే చోటు మారింది.

అమెరికాలో హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన విహ్స్ అనే పెద్ద అధ్యయనం 1993లో ఏర్పాటైంది. 2013లో దాన్ని దక్షిణ రాష్ట్రాలకి విస్తరించి, 2019లో మగవాళ్ళ అధ్యయనంతో కలిపేశారు. తిండి దొరుకుతుందన్న నమ్మకం లేని ఆడవాళ్ళలో వైరల్ లోడ్ అదుపు తప్పడం ఎక్కువని ఆ సమాచారంలోనే కనిపించింది. మనసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాలుగు అమెరికా నగరాల్లో హెచ్ఐవీ ఉన్న 765 మంది ఆడవాళ్ళని గమనించిన మరో అధ్యయనం 2001లో వచ్చింది. అందులో ఎప్పుడూ దిగులుతో కుంగిపోయి ఉన్నవాళ్ళకి, అంత దిగులు లేనివాళ్ళ కన్నా చనిపోయే అవకాశం సుమారు రెండు రెట్లు ఉంది. గొడవలతో, భయంతో, నిద్రలేని రాత్రులతో నిండిన వీధిలో ఉంటూ దిగులు లేకుండా ఉండమంటే ఎలా కుదురుతుంది? దిగులున్న మనిషి మొదట మానేసేది తన కోసం తాను చేసుకునే పనే.

వైద్యం అంటే మాత్ర ఒక్కటే అనుకోవద్దు. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఆరు రెట్లు ఎక్కువ. అందుకే వాళ్ళకి 25 ఏళ్ళ నుంచే, మూడు నుంచి ఐదేళ్ళకోసారి, ఆ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్‌ని పట్టే హెచ్‌పీవీ పరీక్ష చేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. కాగితం మీద బాగుంది. ఆచరణలో హెచ్ఐవీ క్లినిక్ ఒక చోట, ఆ పరీక్ష ఇంకో చోట, రిపోర్టు తీసుకోవడం మరో రోజు, తేడా కనిపిస్తే చికిత్స ఇంకెక్కడో. ప్రతి మెట్టు దగ్గరా పైన చెప్పిన ప్రయాణం లెక్కంతా మళ్ళీ మొదటికొస్తుంది. పేట బాగుంటే ఇవన్నీ ఒక పూటలో చుట్టేసి రావచ్చు. లేకపోతే ఒక్కో మెట్టు దగ్గర కొందరు రాలిపోతారు, వైరల్ లోడ్ చక్కగా ఉన్నవాళ్ళు కూడా. మీ క్లినిక్‌లో వీలైతే స్వయంగా నమూనా తీసుకునే కిట్ ఇప్పించండి. ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంగీకరించింది. సిగ్గూ ప్రయాణమూ రెండూ తగ్గుతాయి.

మరి ఏం చేయాలి? పేటను మార్చడం మీ చేతిలో లేదు. క్లినిక్ తీరును మార్చడం చాలావరకు ఉంది.

నిలకడగా ఉన్నవాళ్ళకి మూడు నుంచి ఆరు నెలల మందు ఒకేసారి ఇవ్వవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రయాణ ఖర్చుకి ఇది మంచి విరుగుడు. కానీ ఒక్క సీసా దాచడానికే చోటు లేని ఇంటికి ఆరు సీసాలు పట్టుకెళ్ళమంటే ఏమవుతుందో ఆలోచించండి. అలాంటివాళ్ళకి సగం మందు క్లినిక్‌లోనే ఉంచి, వీలైనప్పుడు వచ్చి తీసుకెళ్ళే ఏర్పాటు చేయండి. మొజాంబిక్‌లోని టెటె ప్రాంతంలో 2008 నుంచి వేరే దారి పట్టారు: ఆరుగురి వరకు ఒక గుంపుగా ఏర్పడి, వంతులవారీగా ఒకరు వెళ్ళి అందరికీ మందులు తెస్తారు. నాకు చాలా నచ్చిన పద్ధతి ఇది, ఎందుకంటే ఇందులో పేట అడ్డంకిగా కాకుండా బలంగా మారింది. అయితే ఆ ఆరుగురూ ఒకరికొకరు తెలియడానికి ఇష్టపడాలి. ఇష్టం లేని మనిషిని గుంపులో చేర్చితే మొదటికే మోసం.

రెండు నెలలకోసారి ఇచ్చే కాబొటెగ్రవిర్, రిల్పివిరిన్ ఇంజెక్షన్లు దొరికే చోట వాటి గురించి తప్పకుండా మాట్లాడండి. ఇంట్లో దాచాల్సింది ఏమీ ఉండదు. రోజూ మాత్ర వేసుకోవడం కష్టమైనవాళ్ళలోనే వీటిని నెలకోసారి ఇచ్చి పరీక్షించిన లాటిట్యూడ్ అధ్యయనంలో, 2024లో వచ్చిన ఫలితాల ప్రకారం, మాత్రల కన్నా ఇంజెక్షన్లే మెరుగ్గా పనిచేశాయి. తేదీకి రావడం మాత్రం ఇక్కడ ఇంకా ముఖ్యం, కాబట్టి ప్రయాణ సాయం లేకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టడం నాకు సరికాదనిపిస్తుంది.

హెచ్ఐవీతో జీవిస్తున్న ఆడవాళ్ళనే ఉద్యోగంలోకి తీసుకోవడం ఇంకొకటి. కేప్‌టౌన్‌లో 2001లో మొదలైన మదర్స్‌టుమదర్స్ సంస్థ, ఆ దారిలో నడిచిన తల్లులకే జీతమిచ్చి కొత్త తల్లులకి తోడుగా నిలబెట్టింది. ఇక్కడ జీతం అన్న మాట వదిలేయకండి. పేద పేట ఆడవాళ్ళ చేత ఉచితంగా సేవ చేయించుకుని దానికి "సమాజ భాగస్వామ్యం" అని పేరు పెట్టడం అన్యాయం.

ఒక హెచ్చరిక కూడా. మీ లెక్కల్లో తేలిన ఆ రెండు మూడు పేటల పేర్లు క్లినిక్ గోడ మీద మ్యాపులో ఎర్రరంగు పూసి పెట్టకండి. "హెచ్ఐవీ పేట" అన్న పేరు ఒకసారి పడితే అక్కడి ఆడపిల్లకి పని దొరకదు, ఇల్లు దొరకదు, ఆ పేట నుంచి పరీక్షకి వచ్చేవాళ్ళూ తగ్గిపోతారు. బండి మీద క్లినిక్ పేరు రాసుకుని ఇంటింటికీ వెళ్ళడం కూడా అంతే హాని. వెళ్ళాల్సి వస్తే ముందు అనుమతి తీసుకుని, మామూలు బట్టల్లో, ఆమె చెప్పిన చోటికి, ఆమె చెప్పిన వేళకి వెళ్ళండి.

రేపు మీరు చేయగలిగిన పని ఒకటి చెబుతాను. పోయిన ఆరు నెలల్లో తేదీ తప్పిన ఆడవాళ్ళ జాబితా తీసుకోండి. వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు "ఎందుకు రాలేదు?" అని అడగకండి, ఆ ప్రశ్నకి క్షమాపణ తప్ప జవాబు రాదు. "ఇవాళ ఇక్కడికి ఎలా వచ్చారు? ఇంట్లో ఏం చెప్పి వచ్చారు? పిల్లలు ఎవరి దగ్గరున్నారు? మందు ఎక్కడ పెట్టుకుంటారు? మేము ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు?" అని అడగండి. జవాబులు రాసుకోండి, వారాలు గడిచేకొద్దీ ఒకే జవాబు పదేపదే వినిపిస్తుంది. ఒక పేటకి బస్సు వేళ కుదరకపోవచ్చు, ఇంకో పేటకి మీ గేటు దగ్గర బోర్డే సమస్య కావచ్చు. ఆ కాగితం పట్టుకుని మీ మెడికల్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి, ముందు ఆ ఒక్కటీ మార్చమని అడగండి: వారంలో ఒక రోజు సాయంత్రం క్లినిక్ పెట్టడమో, బోర్డు మీద జబ్బు పేరు తీసేయించడమో, ప్రయాణ ఖర్చుకి చిన్న నిధి ఏర్పాటు చేయించడమో. మూడు నెలల తర్వాత అదే జాబితా మళ్ళీ తీసి, అవే పేటల నుంచి ఎంతమంది తిరిగి వచ్చారో చూడండి. రానివాళ్ళ కోసం ఆ ఐదు ప్రశ్నలతోనే మళ్ళీ మొదలుపెట్టండి.